రంగుల తేడా తెలియకపోతే ఆర్ట్ పోర్ట్‌ఫోలియో వద్దా?

ప్రశ్న: నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. డిజైన్ కోర్సులో చేరాలని ఉంది. కలర్ బ్లైండ్‌నెస్‌తో నా రోజులు ఎలా గడుస్తాయో చేత్తో కుట్టిన పుస్తకంగా చేసి పోర్ట్‌ఫోలియోలో పెడదామనుకుంటున్నాను. లోపాన్ని మనమే ఎందుకు చాటుకోవాలి అంటున్నారు అమ్మానాన్న. పెట్టమంటారా?

జవాబు: తప్పకుండా పెట్టండి. చక్కటి డ్రాయింగులు చాలామంది పంపుతారు. మీ కంటికి లోకం ఎలా కనిపిస్తుందో చూపే పుస్తకం మీరే చేయగలరు.

అయితే దాన్ని పాఠంలా మార్చేయకండి. కంట్లో రంగుల్ని గుర్తించే కోన్ కణాలు, ఎక్స్ క్రోమోజోమ్, మగవాళ్లలోనే ఎందుకెక్కువ అన్నవి చివరి పేజీలో నాలుగు లైన్లు చాలు. మిగతా పేజీల్లో తికమకపడాల్సింది చదివేవాళ్లే.

కలర్ బ్లైండ్‌నెస్‌ను కనిపెట్టడానికి 1917లో వచ్చిన ఇషిహారా పరీక్ష కూడా ఒక పుస్తకమే. చుక్కల్లో దాగిన అంకెను అందరూ చదివేస్తుంటే మీరు ఆగిపోయిన పేజీలు గుర్తుండే ఉంటాయి. అందులో అందుకు పూర్తిగా తలకిందులైన పేజీలూ కొన్ని ఉన్నాయి. మామూలు చూపున్నవాళ్లకు అక్కడ ఉత్త చుక్కలే. ఎరుపు, ఆకుపచ్చల గందరగోళం వాళ్ల కళ్లను పక్కదారి పట్టిస్తుంది. మీలాంటివాళ్లలో చాలామందికి ఆ గందరగోళమే ఉండదు, నీలం-పసుపు తేడా మీదే చూపు నిలిచి అంకె పైకి తేలుతుంది. మీ పుస్తకానికి గుండెకాయ అలాంటి పేజీయే అనిపిస్తోంది నాకు. మీరు మాత్రమే చదవగల పేజీ ఒక్కటి చేయండి. రంగులు కలిపి, చుక్కలు పెట్టి, మామూలు చూపున్న స్నేహితులకు చూపించండి. వాళ్లు చదవలేకపోయేదాకా మళ్లీ మళ్లీ చేయండి. వారాలు పట్టినా ఫర్వాలేదు.

ముందు చవక కాగితంతో నమూనా కుట్టండి. కాగితం ఒక దిశలో తేలిగ్గా మడతపడుతుంది, అడ్డం తిప్పితే మడత దగ్గర చిట్లుతుంది. అది వేళ్లకే తెలుస్తుంది, రంగుతో పనిలేదు.

ఉద్యోగాల సంగతీ దాచను. అద్దకం, ప్రింటింగ్‌లో రంగులు సరిపోల్చే పనులు మీకు కష్టం. నలుపు-తెలుపు బొమ్మలు, అచ్చు చిత్రాలు, బైండింగ్, అక్షరాల డిజైన్, రంగుల మీద ఆధారపడని మ్యాపులు, సూచికల పని మీకు అందుబాటులోనే ఉన్నాయి. 19వ శతాబ్దపు ఫ్రెంచి కళాకారుడు షార్ల్ మెర్యోఁ రంగులు సరిగ్గా కనిపించక పెయింటింగ్ వదిలి, రాగిరేకు మీద గీతలకు మళ్లాడు. పారిస్ వీధులను చూపే ఆ చిత్రాలే ఆయనకు పేరు తెచ్చాయి.

అమ్మానాన్నతో ఇప్పుడే వాదించకండి. పుస్తకం పూర్తయ్యాక ఆ చుక్కల పేజీ తెరిచి వాళ్ల చేతికివ్వండి. అందులో ఏముందో మీరు చదివి వినిపించండి.