జువెనైల్ జస్టిస్ బోర్డు సభ్యత్వం: జీతం లేదు, పరీక్ష లేదు, పన్నెండేళ్ల తయారీ మాత్రం ఉంది

ప్రశ్న: మా అమ్మాయి ఉస్మానియాలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చివరి సంవత్సరం చదువుతోంది. ఫీల్డ్‌వర్క్‌లో భాగంగా సైదాబాద్‌లోని అబ్జర్వేషన్ హోమ్‌కు (కేసు విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే చోటు) వెళ్లొచ్చినప్పటి నుంచి ‘జువెనైల్ జస్టిస్ బోర్డు మెంబర్ అవుతాను’ అంటోంది. ఇది ఉద్యోగమేనా? పరీక్ష ఏమైనా రాయాలా? జీతం ఎంత ఉంటుంది? – ఒక తండ్రి, జనగామ

సమాధానం: పరీక్ష లేదు. జీతం లేదు, హాజరైన రోజుకు భత్యం మాత్రం ఇస్తారు. 35 ఏళ్లు నిండనివారిని తీసుకోరు. మీ అమ్మాయికి ఇప్పుడు 23 ఉంటాయనుకుంటే ఇంకా పన్నెండేళ్లు ఉంది. కాబట్టి ‘ఈ ఉద్యోగం ఎలా వస్తుంది’ అని కాకుండా ‘ఈ పన్నెండేళ్లూ ఏ ఉద్యోగాలు చేస్తే అక్కడికి చేరుతుంది’ అని ఆలోచించండి. అమ్మాయి కోరికలో తప్పేమీ లేదు. తొందర మాత్రం పనికిరాదు.

నేరారోపణ ఎదుర్కొంటున్న 18 ఏళ్లలోపు పిల్లల కేసులు మామూలు కోర్టుకు కాకుండా ఈ బోర్డుకు వెళ్తాయి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం బోర్డులో ముగ్గురుంటారు. ఒకరు కనీసం మూడేళ్ల అనుభవమున్న మేజిస్ట్రేట్, మిగతా ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. మీ అమ్మాయి అడుగుతున్నది ఈ రెండు కుర్చీల్లో ఒకటి.

అర్హత దగ్గర ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లు తరచూ పొరబడే చోటు ఒకటుంది. చట్టం రెండు దారులు ఇచ్చింది. మొదటిది, పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ పనుల్లో కనీసం ఏడేళ్లు చురుగ్గా పాల్గొని ఉండటం. రెండోది, చైల్డ్ సైకాలజీ, సైకియాట్రీ, సోషియాలజీ, లా డిగ్రీల్లో ఏదో ఒకటి ఉండి ప్రాక్టీసు చేస్తూ ఉండటం. ఈ రెండో జాబితాలో సోషల్ వర్క్ లేదు! అంటే మీ అమ్మాయికి ఏడేళ్ల అనుభవం దారి ఒక్కటే ఉంది. లా కూడా చదివితే రెండో దారీ తెరుచుకుంటుంది. పిల్లల కోసమే పనిచేసే మరో సంస్థ బాలల సంక్షేమ సమితి (సీడబ్ల్యూసీ) విషయం వేరు. 2021 సవరణ తర్వాత దాని అర్హతల్లో సోషల్ వర్క్ డిగ్రీ చేరింది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఏ సంస్థకు వేస్తున్నారో చూసుకోకుండా ఒకే దరఖాస్తును రెండింటికీ నింపి పంపేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఇక ఏడేళ్లు ఎక్కడ పనిచేయాలి? ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం (డీసీపీయూ) ఉంటుంది. అక్కడ ప్రొటెక్షన్ ఆఫీసర్, సోషల్ వర్కర్, కౌన్సెలర్ పోస్టులు ఉంటాయి. ఇవి ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలోనే నింపుతారు. ‘పర్మనెంట్ కాదు కదా’ అని మీరు వెనకాడొచ్చు. ఇంటికి ఆధారం ఆ జీతమే అయితే వెనకాడటం సబబే, ముందే లెక్క చూసుకోండి. కానీ బోర్డు ఎలా నడుస్తుందో రోజూ దగ్గర నుంచి చూసే అవకాశం ఈ పోస్టుల్లోనే ఎక్కువ. అదే విభాగంలో లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్ పోస్టుకు ఎల్‌ఎల్‌బీ అడుగుతారు. లాసెట్ రాసి మూడేళ్ల లా చేస్తే ఇదీ అందుతుంది. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీ చెల్లదు, రెగ్యులర్‌గానే చేయాలి. పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు ఇంకో దారి: బాలకార్మికుల విముక్తి, బడి మానేసిన పిల్లలు, వీధి పిల్లల షెల్టర్లు.

అనుభవం ఉండి కూడా చాలామంది కాగితాల దగ్గర ఓడిపోతారు. ‘ఫలానావారు మా సంస్థలో 2016 నుంచి 2020 వరకు ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా పనిచేశారు’ అని ఒక్క వాక్యం రాసిన సర్టిఫికెట్ దాదాపు వృథా. అందులో పిల్లలు అన్న మాటే లేదు. పొదుపు సంఘాలు, జీవనోపాధి, హెచ్‌ఐవీ అవగాహన ప్రాజెక్టుల్లో ఎన్నేళ్లు చేసినా పిల్లలతో ఏం చేశారో కాగితం మీద కనబడకపోతే ఆ ఏళ్లు లెక్కలోకి రావడం కష్టం. అందుకే ఏ సంస్థ నుంచి బయటికొచ్చినా ఆ వారంలోనే సర్టిఫికెట్ తీసుకోమనండి. సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, చేరిన తేదీ, మానేసిన తేదీ, పూర్తికాలమా పార్ట్‌టైమా, ఏ వయసు పిల్లలతో ఏ పని అన్నవన్నీ అందులో ఉండాలి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా దాచుకోవాలి. చిన్న సంస్థలు నిధులు ఆగితే మూతపడతాయి. పదేళ్ల తర్వాత సంతకం పెట్టేవారు దొరకరు.

ఎంపిక ఇలా జరుగుతుంది. మహిళా శిశు సంక్షేమ శాఖ నోటిఫికేషన్ ఇస్తుంది. హైకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి అధ్యక్షతన ఉండే సెలక్షన్ కమిటీ దరఖాస్తులు వడపోసి, ఇంటర్వ్యూ చేసి పేర్లు సిఫార్సు చేస్తుంది. ప్రభుత్వం నియమిస్తుంది. బాలల హక్కులు ఉల్లంఘించిన చరిత్ర, నైతిక పతనానికి సంబంధించిన నేరంలో శిక్ష, ప్రభుత్వ ఉద్యోగం నుంచి తొలగింపు, ఇంట్లోనో షాపులోనో పిల్లల్ని పనికి పెట్టుకోవడం, వీటిలో ఏది ఉన్నా అనర్హులే. నియామకమైన 60 రోజుల్లోపు శిక్షణ ఇవ్వాలి. కాలపరిమితి మూడేళ్లు. రెండుసార్లకు మించి ఉండకూడదు, ఆ రెండూ వరుసగా కూడా ఉండకూడదు.

డబ్బు సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, మీరు అడిగింది అదే కాబట్టి. ఈ చట్టం కింద కేంద్రం ఇచ్చిన 2016 నమూనా నిబంధనలు సిట్టింగ్‌కు, అంటే బోర్డు కూర్చున్న రోజుకు, 1,500 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నాయి, రవాణా ఖర్చు అందులోనే. ఇప్పుడు ఎంతిస్తున్నారో ఆ నోటిఫికేషన్‌లోనే చూడాలి. మేజిస్ట్రేట్‌కు వేరే కోర్టు పని కూడా ఉండే జిల్లాల్లో బోర్డు రోజూ కూర్చోదు. నెలకు ఎనిమిది సిట్టింగులు జరిగితే 1,500 లెక్కన వచ్చేది 12,000. దీంతో ఇల్లు గడవదు. పోనీ పూర్తికాలం ఉద్యోగం చేస్తూ అప్పుడప్పుడు వెళ్దామంటే అదీ కుదరదు. ఏడాదిలో నాలుగింట మూడొంతుల సిట్టింగులకు హాజరు కాకపోయినా, సరైన కారణం లేకుండా వరుసగా మూడు నెలలు రాకపోయినా తీసేస్తారు. వేళలు తన చేతిలో ఉండే వృత్తి ఉన్నవాళ్లకు ఇది సరిపోతుంది: లాయర్లు, సొంతంగా కౌన్సెలింగ్ చేసేవాళ్లు, గెస్ట్ ఫ్యాకల్టీలు.

కుర్చీలో కూర్చున్నాక పని ఏమిటో అమ్మాయికి ముందే తెలియాలి. పిల్లలకు నీతులు చెప్పడం కాదది. ప్రొబేషన్ ఆఫీసర్ 15 రోజుల్లో ఇవ్వాల్సిన సామాజిక దర్యాప్తు నివేదిక (పిల్లవాడి ఇల్లు, చదువు, పరిస్థితుల వివరాలు) చదవడం సభ్యుల అసలు పని. సెల్‌ఫోన్ దొంగతనంలో పట్టుబడిన పదహారేళ్ల కుర్రాడి నివేదికలో ‘తండ్రి తాగుబోతు, చెడు సావాసాలు’ అని మాత్రమే ఉందనుకోండి. మేజిస్ట్రేట్ చట్టం చూస్తారు. సభ్యులు అడగాల్సినవి వేరే ఉంటాయి. బడి ఏ తరగతిలో ఆగింది, ఎందుకాగింది? ఇంట్లో మాట వినేది ఎవరి మాట, తల్లిదా, మేనమామదా? బెయిల్ ఇస్తే రాత్రికి ఎక్కడ పడుకుంటాడు? బెయిల్ ఇవ్వడమే నియమం, నిరాకరించడానికి చట్టం చెప్పిన కారణాలు మూడే. ఇచ్చిన షరతులు తీర్చలేక ఏడు రోజులైనా హోమ్‌లోనే ఉండిపోతే మళ్లీ బోర్డు ముందు పెట్టి షరతులు సడలించాలి. ‘జామీను దొరకలేదు’ అన్న పేద పిల్లవాడి విషయంలో దీన్ని గుర్తుచేయాల్సింది సామాజిక సభ్యులే. ఇలాంటి చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో ముగియకపోతే కేసే ముగిసిపోతుంది.

18 ఏళ్లలోపా కాదా అని తేల్చే వయసు నిర్ధారణ ఇంకో చిక్కు. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు ఎంతమందికి జూన్ నెల పుట్టినతేదీ రాశారో మీకు తెలియంది కాదు. అయినా చట్టం మొదట బడి సర్టిఫికెట్ లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడమంది. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష.

బోర్డుల్లో కనిపించే పెద్ద లోపం సభ్యుల మౌనం. మేజిస్ట్రేట్ చెప్పింది టైపు చేస్తే వీళ్లు సంతకం పెడతారు. నిజానికి అభిప్రాయభేదం వస్తే మెజారిటీదే చెల్లుబాటు. ఇద్దరు సభ్యులు ఒకవైపు ఉంటే ఆదేశం వాళ్లదే. మెజారిటీ తేలనప్పుడే మేజిస్ట్రేట్ మాట నెగ్గుతుంది. తుది ఆదేశానికి మేజిస్ట్రేట్‌తో కలిపి కనీసం ఇద్దరుండాలి. ఈ అధికారం వాడాలంటే సెక్షన్లు నోటికి రావాలి, అందుకే లా చదవమని అంటున్నాను.

ఇప్పటికిప్పుడు చేయాల్సినవి రెండున్నాయి. డిసర్టేషన్ అంశంగా బడి మానేసిన పిల్లలనో, ప్రొబేషన్ వ్యవస్థనో ఎంచుకోమనండి, రేపు డీసీపీయూ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్‌గా (న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్తగా) దరఖాస్తు పెట్టమనండి. డిగ్రీ చేతికి రాకముందే చేరొచ్చు, పిల్లల కేసులకు సంబంధించిన పని అడిగి తీసుకోవచ్చు. అక్కడ ఇచ్చే ధ్రువపత్రంలోనూ ‘పిల్లలతో’ అన్న మాట పడేలా చూసుకోమనండి.