90 డాలర్ల పిస్టల్ కొనొచ్చా?

సందేహం: అన్నా, మాది నిజామాబాద్ దగ్గర పల్లె. మా అక్క వేసిన పిటిషన్ మీద 17 ఏళ్లు ఎదురుచూసి, పోయిన ఏడాది గ్రీన్ కార్డుతో డాలస్ వచ్చాం. గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాను. పక్క షాపులో పనిచేసే అతను తన పాత పిస్టల్ 90 డాలర్లకు ఇస్తానంటున్నాడు. గన్ షాపులో కొత్తవి కూడా 200 లోపు కనబడుతున్నాయి, పేరున్నవైతే 500 పైనే. ఇంత అగ్గువకు వచ్చేవి నమ్మొచ్చా, చేతిలోనే పేలిపోతాయా? మా బామ్మర్ది ఎమ్మెస్‌కి వచ్చి మాతోనే ఉంటున్నాడు. ‘తీసుకో బావా, ఇద్దరం నేర్చుకుందాం’ అంటున్నాడు.

తమ్ముడూ, పిస్టల్ కంటే ముందు మీ బామ్మర్ది సంగతి తేలాలి.

నువ్వు గ్రీన్ కార్డు మీద వచ్చావు కాబట్టి ఫెడరల్ చట్టం నిన్ను కొనుక్కోనిస్తుంది. అతనిది ఎఫ్-1. స్టూడెంట్ వీసా, హెచ్-1బి, హెచ్-4, అమ్మానాన్నలు ఆర్నెల్లకు వచ్చే విజిటర్ వీసా, వీటి మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉంటే చాలు, అదే నేరం. కొనకపోయినా, షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని పట్టుకున్నా అదే లెక్క. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. జైలు తప్పినా వీసా మిగలదు. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు చట్టంలో ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని ‘ఆన్‌లైన్‌లో లైసెన్స్ కొనేస్తే పని అయిపోతుంది’ అని మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఫీజు కట్టి అడగకుండా ఆ మాట మీద ఎవరూ నడవొద్దు. 2024లో తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి మన విద్యార్థి ఒకరు పోయిన వార్త నువ్వూ చదివే ఉంటావు.

నువ్వు కొని ఇంట్లో పెట్టినా, బామ్మర్దికి దాని తాళం అందితే తుపాకీ అతని చేతిలో కూడా ఉన్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించగలడు. కాబట్టి అది తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి, ఆ తాళమో కోడో నీ ఒక్కడి దగ్గరే ఉండాలి. ‘ఇద్దరం నేర్చుకుందాం’ అన్న మాట అతనికి గ్రీన్ కార్డు వచ్చేదాకా మరచిపోండి.

ఇక నువ్వడిగినదానికి వస్తాను. మన తెలుగు పేపర్లలో ‘తుపాకీ మిస్‌ఫైర్’ అని రాస్తే, పేలకూడనప్పుడు పేలింది అని అర్థం. ఇక్కడ రేంజ్‌లో అదే మాట అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలలేదు అని. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ తేడా తెలియక, పక్కవాడు ‘మిస్‌ఫైర్’ అనగానే నేల మీద కూర్చుండిపోయాను. ఆ రోజు అందరూ నవ్వారు గానీ, నీ ప్రశ్నలో కూడా ఈ రెండూ కలిసిపోయాయి. పేలాల్సినప్పుడు పేలుతుందా అన్నది నమ్మకం సంగతి. పేలకూడనప్పుడు ఊరుకుంటుందా అన్నది భద్రత సంగతి. అగ్గువ పిస్టళ్లలో కొన్ని మొదటిదాంట్లో తప్పుతాయి, కొన్ని రెండోదాంట్లో, కొన్ని రెండింట్లోనూ. చేతిలో ముక్కలైపోవడం మాత్రం ఇక్కడ చాలా అరుదు. మనకు చవక తుపాకీ అనగానే అడవి పందుల కోసం పెట్టుకునే నాటు తుపాకీ గుర్తొస్తుంది కదా, అందుకే ఆ భయం. ఇక్కడ అగ్గువదైనా సీరియల్ నంబరు వేసి ఫ్యాక్టరీలో చేసిందే.

ఆ 90 డాలర్లది నేను చూడలేదు గానీ, ఆ ధరలో చేతులు మారేవి ఏవో కొంత తెలుసు. 1968లో వచ్చిన తుపాకుల చట్టం విదేశాల నుంచి చిన్న చవక పిస్టళ్లు దిగుమతి కాకుండా ఆపింది. ఇక్కడే చెయ్యడానికి అడ్డు లేదు. దాంతో 1970 నుంచి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల, చాలావరకు ఒకే కుటుంబం, వాళ్ల స్నేహితులు కలిసి వరసగా కంపెనీలు పెట్టారు. రావెన్, జెన్నింగ్స్, బ్రైకో, లోర్సిన్, డేవిస్ ఆ పేర్లే. స్టీలుకు బదులు జింక్ మిశ్రమాన్ని కరిగించి అచ్చు పోసేవారు. ఆ మిశ్రమం దాదాపు 380 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. ఇలినాయి లాంటి కొన్ని రాష్ట్రాలు ఇలాంటివాటిని ఆపడానికి, 800 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 427 సెల్సియస్) లోపు కరిగే లోహంతో చేసిన పిస్టల్ అమ్మకూడదని రూలు పెట్టాయి. పిస్టల్‌ని పొయ్యి మీద పెట్టి పరీక్షించడం ఏమిటి అనిపిస్తుంది గానీ, చట్టం రాసేవాళ్లకు అప్పట్లో దొరికిన దారి అది.

మెత్తటి లోహం తొందరగా అరుగుతుంది, పట్టు వదులవుతుంది. అంతకంటే పెద్ద లోటు లోపల ఉంది. మంచి పిస్టల్‌లో ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టి దాన్ని పేల్చే సూది) ముందుకు కదలకుండా ఒక అడ్డు ఉంటుంది. కింద పడినా పేలదు. ఆ పాతవాటిలో చాలావాటికి ఆ అడ్డే లేదు.

బ్రైకో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 1994లో కాలిఫోర్నియాలో ఒక ఇంట్లో, ఆ కుటుంబానికి తెలిసిన ఒక కుర్రాడు ఇంట్లో ఉన్న బ్రైకో పిస్టల్‌లోంచి తూటా తియ్యబోయాడు. దాని తయారీ ఎలాంటిదంటే, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి తూటా తియ్యాలంటే ముందు సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట, తీసెయ్యాల్సిందే. అంటే భద్రంగా చెయ్యబోయే క్షణంలోనే దానికున్న ఒక్క భద్రతా పోతుంది. అది పేలి ఎదురుగా ఉన్న 7 ఏళ్ల పిల్లవాడికి తగిలింది, మెడ కింద నుంచి శరీరం చచ్చుబడిపోయింది. 2003లో జ్యూరీ కంపెనీనీ, దాని యజమానినీ కూడా బాధ్యులను చేసింది. వాళ్ల వాటాగా కట్టాల్సిన పరిహారం 2 కోట్ల డాలర్ల పైనే. కంపెనీ దివాలా తీసింది. తర్వాతి ఏడాది ఆ యంత్రాలను వేలంలో 5,10,000 డాలర్లకు కొన్నది ఎవరనుకున్నావు, అదే ఫ్యాక్టరీలో పనిచేసిన ఫోర్‌మన్! హిమెనెజ్ ఆర్మ్స్ అని బోర్డు మార్చి అదే రకం పిస్టళ్లు మళ్లీ చేశాడు. అదీ 2020లో దివాలా తీసింది. కంపెనీలు పోయాయి గానీ వాళ్లు చేసిన లక్షల పిస్టళ్లు ఎక్కడికి పోతాయి? తాకట్టు షాపుల్లో, గన్ షోల్లో బల్లల మీద, ఇలా పక్క షాపువాడి డ్రాయర్‌లో ఉన్నాయి.

నేనూ ఒకటి కొన్నాను, 2003లో, గన్ షోలో, 70 డాలర్లు. ఎవరు చేసిందో చెప్పను. వెండిలా మెరుస్తూ, అగ్గిపెట్టెకి అన్నలా ఉండేది. మూడో రౌండ్‌కే, అంటే మూడో తూటాకే, ఖాళీ తొడుగు స్లైడ్‌లో ఇరుక్కుంది, అయిదో రౌండ్‌కి మళ్లీ ఇరుక్కుంది. రేంజ్‌లో పనిచేసే పెద్దాయన దాన్ని విప్పి చూసి, ఫైరింగ్ పిన్ కొన అరిగి వంకర పోయిందని చూపించాడు. ‘దీన్ని బాగుచేసే ఖర్చుతో ఇంకోటి వస్తుంది’ అన్నాడు. మా ఆవిడ ఆ 70 డాలర్లను ఇప్పటికీ లెక్కల్లో రాసి పెట్టింది.

కొత్తవాటి సంగతి వేరు. 200 లోపు అన్నావంటే బహుశా ఒహాయోలో చేసే హై-పాయింట్ నీ కంటపడి ఉంటుంది. దాన్ని చూసి గన్ షాపులో అందరూ నవ్వుతారు. స్లైడ్ ఇటుకలా ఉంటుంది. అది కూడా జింక్ మిశ్రమమే, కానీ అంత లావుగా చెయ్యడానికి కారణం ఉంది. ఖరీదైన 9 ఎంఎం పిస్టల్‌లో పేలిన క్షణంలో బ్యారెల్ (తూటా బయటికి వచ్చే గొట్టం), స్లైడ్ ఒకదానితో ఒకటి లాక్ అయి ఉంటాయి. ఇందులో ఆ లాక్ లేదు. స్లైడ్ బరువూ, స్ప్రింగూ మాత్రమే ఆ దెబ్బని ఆపాలి. అందుకే లోహం ఎక్కువ పోశారు. తూటాలు లేకుండానే దాదాపు 820 గ్రాములు. కంపెనీ జీవితకాలం వారంటీ ఇస్తుంది, ఎన్నో చేతులు మారినా సరే. రేంజ్‌లో నేను చూసినంతలో అది జామ్ అయిందంటే ఎక్కువసార్లు మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) మూతి వంగడమే కారణం. ఇంట్లో పెట్టెలో ఉంచుకోవడానికి పరవాలేదు. చాంబర్‌లో, అంటే నొక్కగానే పేలే చోట, తూటా పెట్టి నడుముకు కట్టుకుని తిరగడానికి మాత్రం నేను దాన్ని ఎంచుకోను.

బ్రెజిల్ కంపెనీ టారస్‌వి ఇంకొంచెం పైన, 250 చుట్టూ దొరుకుతాయి. ఇప్పటి మోడళ్లు వేరే రకం. కానీ సెకండ్‌హ్యాండ్‌లో దొరికే పాతవి చూసి కొనాలి. అయోవాలో ఒక పోలీసు ఉద్యోగి పిస్టల్ కింద పడి పేలిందని 2013లో కేసు వేశాడు. 2015లో రాజీ కుదిరి, పీటీ-111 మిలీనియం, పీటీ-24/7తో సహా 9 మోడళ్లు, దాదాపు 10 లక్షల పిస్టళ్లు దాని కిందికి వచ్చాయి. తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ వాటిని వెనక్కి తీసుకుంటామంది. అందరూ తిరిగి ఇచ్చారనుకోకు.

ఖరీదు పెడితే ఈ బాధ ఉండదా అంటే, అలాగని రాసిపెట్టి ఏమీ లేదు. 2017లో సిగ్ పీ320 ఒక కోణంలో కింద పడితే పేలుతోందని తేలి, కంపెనీ ఉచితంగా భాగాలు మార్చి ఇచ్చింది. అది 500 డాలర్లు దాటిన పిస్టల్, దాని సైనిక రకాన్ని అదే ఏడాది అమెరికా సైన్యం ఎంచుకుంది.

మన దగ్గర ప్రెషర్ కుక్కర్‌కి ఐఎస్ఐ మార్కు చూస్తాం. ఇక్కడ పిల్లల బొమ్మ తుపాకీలో లోపముంటే వెనక్కి తీసుకోమని ఆదేశించే ప్రభుత్వ సంస్థ ఉంది, కానీ నిజం తుపాకీ మీద దానికి అధికారం లేదు. ఇక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్సే, చట్టంలో అలా రాసింది. ఉన్నంతలో దగ్గరగా వచ్చేది కాలిఫోర్నియా రాష్ట్రం పెట్టిన జాబితా. అందులోకి ఎక్కాలంటే పిస్టల్‌ని మీటరు ఎత్తు నుంచి కాంక్రీటు మీద ఆరు రకాలుగా పడేసినా పేలకూడదు. 600 రౌండ్లు కాల్చితే ఆరుసార్లకి మించి ఆగకూడదు, మొదటి 20లో అసలు ఆగకూడదు. నువ్వు టెక్సస్‌లో ఉన్నా ఆ జాబితా చూడటానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. అందులో ఉంటే అదొక ధైర్యం. లేకపోతే చెడ్డదని కాదు, ఎందుకంటే వేరే నిబంధన వల్ల 2013 తర్వాత చాలా ఏళ్లు అక్కడ కొత్త మోడళ్లు ఎక్కడం దాదాపు ఆగిపోయింది.

మరి నువ్వేం చెయ్యాలి? ఆ 90 డాలర్లది వద్దు. దాని ఆరోగ్యం సంగతి అటుంచు, ఎవరి ఇంట్లో దొంగిలించిందో నీకు తెలియదు. టెక్సస్‌లో ఇద్దరు స్థానికులు తమలో తాము అమ్ముకుంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ అక్కర్లేదు, కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు ఎక్కడా కనబడవు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాడికి తుపాకీ కేసు అంటే కోర్టుతో అయిపోదు, ఇమ్మిగ్రేషన్ దాకా వెళ్తుంది. లైసెన్స్ ఉన్న షాపులో 4473 ఫారం (తుపాకీ కొనేవాళ్లు నింపే ఫెడరల్ ఫారం) నింపి కొను. అందులో గంజాయి వాడతావా అని అడుగుతారు. పక్క రాష్ట్రంలో దుకాణంలో అమ్ముతున్నారు కదా అని గమ్మీలు తినేవాళ్లు ‘లేదు’ అని టిక్ పెడితే అది అబద్ధం చెప్పిన నేరం.

కొన్నాక నమ్మకం నువ్వే తెచ్చుకోవాలి. కనీసం 200 రౌండ్లు కాల్చు, ఇంట్లో ఏ రకం తూటా పెట్టుకుంటావో దానితో కూడా కొన్ని. 9 ఎంఎం రౌండ్ పావు డాలరు చుట్టూ ఉంటుంది కాబట్టి, పిస్టల్ మీద మిగిలింది అనుకున్న డబ్బు తూటాలకే పోతుంది. ఆ లెక్క ముందే వేసుకో. మొదట్లో జామ్ అయితే వెంటనే పిస్టల్‌ని తిట్టకు, మణికట్టు మెత్తగా పట్టుకున్నా జామ్ అవుతుంది. టక్ మని చప్పుడు వచ్చి పేలకపోతే 30 సెకన్లు అలాగే టార్గెట్ వైపే పట్టుకో, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. పేలిన చప్పుడు బలహీనంగా, టపాసు తుస్సుమన్నట్టు వస్తే ఆపెయ్యి. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఇందాక చేతిలో ముక్కలవడం అరుదు అన్నాను చూడు, దాని వెనక ఇంకోటి కాల్చినప్పుడు అది జరగొచ్చు.

షాపులో దగ్గర పెట్టుకోవాలంటే ఓనర్‌ని అడుగు. నా మటుకు నేనైతే గల్లాపెట్టె తెరిచి ఇచ్చేస్తాను. 2002 నుంచి 2006 దాకా నేనూ నైట్ షిఫ్ట్ చేశాను, రెండుసార్లు ఇచ్చేశాను. ఇన్సూరెన్స్ ఓనర్‌కి ఉంది.

ఇంకొకటి, నువ్వు అడగలేదు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌తో ఎప్పుడూ ఇండియా వెళ్లకు. అడుగున పడిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక వచ్చిందని తర్వాత హైకోర్టులో తేలినా, ఆ సెలవంతా పోలీస్ స్టేషన్ చుట్టూనే. మా ఇంట్లో ఆ బ్యాగ్ జిప్‌కి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటుంది, అటకెక్కే సూట్‌కేసుల పక్కకి దాన్ని రానివ్వం.