స్టాటిన్ మాత్రలు వేసుకుంటే కాళ్ల నొప్పులు నిజంగానే వస్తాయా?

మీ నాన్నగారికి స్టెంట్ వేశాక, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన అటోర్వాస్టాటిన్ రాశారని, మూడు వారాలకు పిక్కలు లాగుతున్నాయంటూ ఆయనే మానేశారని, మానేసిన నాలుగు రోజులకు నొప్పి తగ్గిందని రాశారు. “మానేస్తే తగ్గింది, ఇంకేం రుజువు కావాలి?” అన్నది ఆయన వాదన. నాలుగేళ్ల క్రితం మా డాక్టరు దగ్గర నేనూ ఇదే మాట అన్నాను.

నేను బడిపంతులును. యాభై దాటాక చేయించుకున్న పరీక్షలో చెడు కొలెస్ట్రాల్ 171 వచ్చింది. అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు మొదలుపెట్టిన రెండో వారానికే తొడలు బరువెక్కాయి, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చేది. ఆ నొప్పి నేను ఊహించుకున్నది కాదు. అయితే మాత్ర మొదలుపెట్టకముందే తోటి ఉపాధ్యాయుడొకరు “అవి కండరాలను తినేస్తాయి” అని నన్ను హెచ్చరించారు. ఆ సంగతి అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. మాత్ర మానేశాను. వారంలో తేలికపడింది.

తరువాత మా డాక్టరు నాకు శామ్సన్ అనే పరిశోధన గురించి చెప్పారు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ వారు చేసినది, 2020లో వెలువడింది. దుష్ప్రభావాలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందిని అందులోకి తీసుకున్నారు. ఒక్కొక్కరికి 12 సీసాలు ఇచ్చారు, నెలకొకటి. నాలుగింటిలో అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు, నాలుగింటిలో చూడటానికి అచ్చం అలాగే ఉండి మందు లేని మాత్రలు, మిగిలిన నాలుగూ ఖాళీ. ఏ నెల ఏది వస్తుందో ముందుగా తెలియదు. ఆ రోజు ఎంత బాధ ఉందో వందకు ఇన్ని అని ప్రతిరోజూ ఫోనులో నమోదు చేశారు.

ఖాళీ సీసా నెలల్లో సగటు బాధ 8. స్టాటిన్ నెలల్లో 16.3. అంటే మాత్ర వేసుకున్నప్పుడు బాధ రెట్టింపయిన మాట నిజమే. కానీ మందు లేని మాత్ర వేసుకున్న నెలల్లో కూడా 15.4! ఈ అంకె విన్నాక నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. మీ నాన్నగారి వాదనకు సూటి జవాబు కూడా ఇందులోనే ఉంది. మాత్ర ఆపగానే కలిగే ఉపశమనం స్టాటిన్ ఆపినా, మందు లేని మాత్ర ఆపినా ఒకేలా ఉంది. కాబట్టి మానేస్తే తగ్గడం ఒక్కటే మందును దోషిగా నిలబెట్టదు. తమ ఫలితాలు తాము చూసుకున్నాక వారిలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

ఇలా కీడు జరుగుతుందనే ఎదురుచూపు వల్ల కలిగే బాధను నోసిబో అంటారు. దయచేసి దీన్ని “అంతా మీ భ్రమ” అని నాన్నగారికి అనువదించకండి. ఇటలీకి చెందిన ఫాబ్రిజియో బెనెడెట్టి బృందం 1997లో, శస్త్రచికిత్స అయిన రోగులలో ఇలా పెరిగే నొప్పిని ప్రోగ్లుమైడ్ అనే మందుతో అడ్డుకోగలిగింది. అది కోలిసిస్టోకైనిన్ అనే రసాయనం పనిని ఆపే మందు. మందుతో ఆపగలిగిన నొప్పికి శరీరంలో రసాయన మూలం ఉన్నట్టే కదా.

అరవై మంది చాలా తక్కువ అంటారేమో. నాకూ ఆ అనుమానం వచ్చింది. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ఇలాంటి మందు లేని మాత్రతో పోల్చి చూసిన 19 ప్రయోగాల్లో పాల్గొన్న దాదాపు 1,24,000 మంది వివరాలను కలిపి చూసింది. కండరాల నొప్పి లేదా నీరసం ఉందన్నవారు స్టాటిన్ వేసుకున్న వారిలో 27.1 శాతం, మందు లేని మాత్ర వేసుకున్న వారిలో 26.6 శాతం. మొదటి ఏడాది స్టాటిన్ వల్ల వెయ్యికి దాదాపు 11 మందికి అదనంగా నొప్పి వచ్చింది. ఆ తరువాత చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆ పదకొండు మంది బాధ మందు వల్ల వచ్చినదే. దానికి కారణాలూ తెలుసు. స్టాటిన్ పని ప్రధానంగా కాలేయంలో. అక్కడ కొలెస్ట్రాల్ తయారీలో కీలకమైన ఎంజైమును అడ్డుకుంటే, కాలేయం రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. మందు కాలేయంలోకి వెళ్లడానికి తోడ్పడే ఒక ప్రోటీను, జన్యువులోని తేడా వల్ల కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. అప్పుడు మందు రక్తంలో ఎక్కువగా మిగిలి కండరాలకు చేరుతుంది. సిమ్వాస్టాటిన్ ఎక్కువ మోతాదులో వాడినవారిలో ఈ సంబంధం 2008లోనే బయటపడింది. క్లారిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ కూడా కొన్ని స్టాటిన్ల మోతాదును రక్తంలో పెంచేస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ రసమూ అంతే. మన పంపరపనస దానికి దగ్గరి బంధువు కనుక నాన్నగారికి ఇష్టమైతే డాక్టరుకు చెప్పండి.

మా డాక్టరు ముందుగా సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించారు. థైరాయిడ్ సంగతి మీరు తప్పక అడగండి. అది మందగిస్తే కొలెస్ట్రాల్ పెరగడమే కాదు, కండరాల నొప్పులూ వస్తాయి. నాకు అన్నీ మామూలుగానే ఉన్నాయి. అప్పుడాయన నాలుగు వారాలు మాత్ర లేకుండా, నాలుగు వారాలు మాత్రతో, రోజూ పడుకునే ముందు నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాయమన్నారు. మాత్ర లేని నెల సగటు 2.6, ఉన్న నెల 3.1. రెండు నెలల్లోనూ ఎక్కువ మార్కులు పడ్డవి పరీక్షల పర్యవేక్షణకు గంటల తరబడి నిలబడిన రోజులే. ఇప్పుడు రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్ తక్కువ మోతాదు వాడుతున్నాను. అప్పుడప్పుడు తొడలు లాగుతాయి, మాత్ర మానను.

అయితే నాకు స్టెంట్ లేదు, మీ నాన్నగారికి ఉంది. ఆయన విషయంలో మాత్ర ఆపి చూసే ప్రయోగం ఇంట్లో చేయకండి. ఈ వారమే గుండె డాక్టరును కలిసి, మాత్ర మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. మోతాదు తగ్గించడం, మరో స్టాటిన్‌కు మారడం, కొలెస్ట్రాల్ తగ్గించే మరో రకం మందు ఎజెటిమైబ్ జోడించడం వంటి దారులు ఆయన దగ్గర ఉంటాయి.

మళ్లీ మొదలుపెట్టాక ఒంట్లో ఉన్నట్టుండి బలం పోయినట్టు అనిపించినా, మూత్రం డికాక్షన్ రంగుకు తిరిగినా, అది చాలా అరుదే గాని, పుస్తకంలో మార్కులు రాస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.