నాలుగు రూపాయల లెక్క

బిడ్డా,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "పెద్దబాపూ, లీటరు పాలకు నాలుగు రూపాయలు సర్కారే ఇస్తది గదా, రెండు బర్రెలు కొంటే భయమేంది?" అన్నావు. నేను బస్సులో ఉండి సరిగా జవాబు చెప్పలేదు. ఇరవై రెండేళ్లు మన ఊరి పాల సంఘం లెక్కలు రాసినవాణ్ని, అందుకే కూర్చుని రాస్తున్నాను. బర్రెలు కొను, వద్దనను. ఆ నాలుగు రూపాయలను నమ్ముకుని మాత్రం కొనకు.

వడ్లకూ పత్తికీ కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. అలాంటి పంటలు 22 ఉన్నాయి. పాలు అందులో లేవు. వడ్లయితే కొని గోదాములో పెట్టొచ్చు, పాలు పూట దాటితే విరిగిపోతాయి. నిలవ ఉండాలంటే పొడి చేయాలి, వెన్న తీయాలి. ఆ పొడి ధర పడిపోయిందంటే డెయిరీలు ముందు కోత పెట్టేది మన రేటుకే. చలికాలంలో బర్రెలు ఈని ఊరంతా పాలు పొంగే రోజుల్లో ఆ కోత మరీ ఎక్కువ. అందుకని రాష్ట్రాలు ఎవరికి తోచినట్టు వాళ్లు లీటరుకు ఇంత అని పైన కలుపుతుంటాయి. మన తెలంగాణలో 2014లో సర్కారు డెయిరీ విజయకు పోసేవాళ్లకు నాలుగు రూపాయలు మొదలైంది. 2017లో కరీంనగర్, ముల్కనూర్, మదర్ డెయిరీల రైతులకూ ఇస్తామన్నారు. అది ప్రోత్సాహకం, ధర కాదు. పైనుంచి నిధులు విడుదలైతేనే నీ ఖాతాలో పడుతుంది.

రెండు బర్రెలు కలిపి రోజుకు పది లీటర్లు పోస్తావనుకో. నలభై రూపాయలు, నెలకు 1,200. పేదింటికి అది చిన్న సొమ్ము కాదని నాకు తెలుసు. కాని నెలల తరబడి ఆగి ఒక్కసారే పడ్డ రోజులు నేను చూశాను. దాణా కొట్టాయన అన్నాళ్లు ఆగడు బిడ్డా. తౌడు, పత్తి చెక్క, వరిగడ్డి, డాక్టరు ఖర్చు అన్నీ పదిహేను రోజుల పాల బిల్లులోనే తేలాలి. అందులో తేలకపోతే ఒక బర్రెతోనే మొదలుపెట్టు. ప్రోత్సాహకం వచ్చినప్పుడు బర్రె వట్టిపోయే నెలల కోసం దాచిపెట్టు. ఆ నెలల్లో పాలుండవు, మేత మాత్రం తప్పదు.

మహారాష్ట్రలో జరిగింది కూడా విను. 2024లో ఆవుపాల ధర పడిపోయి రైతులు రోడ్ల మీద పాలు పారబోశారు. నూటికి 3.5 వెన్న, 8.5 ఎస్ఎన్ఎఫ్ (వెన్న, నీళ్లు పోను మిగిలే గట్టి పదార్థం) ఉన్న పాలకు డెయిరీ 30 రూపాయలు ఇవ్వాలి, ఐదు తానిస్తానని అక్కడి ప్రభుత్వం అంది. మొత్తం 35. అక్టోబరు నుంచి తన వాటా ఏడుకు పెంచింది. రైతుకు రెండు రూపాయలు ఎక్కువ వచ్చాయనుకుంటాం కదా? డెయిరీ ఇవ్వాల్సింది 28కి దించారు. మళ్లీ అదే 35. అందుకే పాలు పోసే సెంటర్లో ప్రోత్సాహకం ఎంత అని ఒక్కటే అడగకు. నా పాలకు మొత్తం ఎంత పడుతుంది, అందులో డెయిరీది ఎంత, సర్కారుది ఎంత, సర్కారుది ఏ నెల వరకు పడింది అని అడుగు. ఇప్పటికే అక్కడ పోస్తున్న ఇద్దరు ముగ్గురి పాస్‌బుక్కులు నీ కళ్లతో చూడు.

సభ్యత్వం నీ పేరు మీదే తీసుకో, అల్లుడి పేరు మీద కాదు. పాలు పిండేదీ పోసేదీ నువ్వు. ఆధార్‌లో, బ్యాంకులో, సంఘం పుస్తకంలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. బర్రె చెవికి పన్నెండంకెల గుర్తింపు పోగు వేయించి, ఆ నంబరు కూడా రాయించు. ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను రాసిన జాబితాలో ఒక విధవరాలి ఖాతా నంబరులో ఒక అంకె తప్పు పడింది. ఆమె సొమ్ము వెనక్కి పోయింది. అది తిరిగి తెప్పించడానికి ఏడు నెలలు తిరిగాం. ఆ ఏడు నెలలూ ఆమె రోజూ పాలు పోస్తూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచి నంబరు పైకి చదివించి, ఎదుటివాళ్లతో సరే అనిపించుకున్నాకే రాసేవాణ్ని. నీ నంబరు కూడా అలాగే చదివించుకో.

బర్రెపాల ధరకు వెన్నే ప్రాణం. క్యాన్‌లో పాలు బాగా కలిపాకే నమూనా తీయనివ్వు, మిషన్‌లో వచ్చిన అంకె నువ్వే చూసుకో, ప్రతి పూట చీటీ దాచు. ప్రోత్సాహకం లీటర్ల మీదే లెక్క గనుక బాకీ అడగాలన్నా ఆ చీటీలే నీకు ఆధారం.

బర్రెలకు డబ్బు కావాలంటే ప్రైవేటు డెయిరీ అడ్వాన్సు ముట్టకు. తీసుకుంటే అక్కడే పోయాలి, పైన చెప్పిన డెయిరీలకు పోస్తేనే వచ్చే నాలుగు రూపాయలకు దారి మూసుకున్నట్టే. పాడికి కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు. రెండు లక్షల వరకు అప్పుకు, గడువులో కడితే వడ్డీ నాలుగు శాతమే పడుతుంది.

వచ్చే ఆదివారం అల్లుణ్ని తీసుకుని రా. నా పాత లెక్కల పుస్తకం తీసి పెడతాను, నీ రెండు బర్రెల ఖర్చూ రాబడీ కలిసి వేద్దాం.

మీ పెద్దబాపు