పర్లాకిమిడిలో షాపు పెట్టిన మేనకోడలికి

చిరంజీవి కోడలికి,

బరంపురం నుంచి అత్త ఆశీస్సులు. షాపు ఫొటో మీ నాన్న పంపాడు, బోర్డు బాగుంది. కానీ మొన్న ఫోన్‌లో "మా సందువాళ్లే వస్తున్నారత్తా, పాతపట్నం నుంచి ఒక్కరూ రావట్లేదు" అన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం. నోటితో చెబితే సగం మర్చిపోతావు.

పాతపట్నం నీకు పక్కనే. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ, గూగుల్‌కి ఆ సరిహద్దుతో పనిలేదు. అక్కడ ఓ పెళ్లికూతురి తల్లి ఫోన్‌లో "మగ్గం వర్క్ నియర్ మీ" అని కొడితే, అది ముఖ్యంగా మూడు సంగతులు చూస్తుంది. ఆవిడ అడిగిన పని నీ దగ్గర ఉందా, ఆవిడకి నువ్వెంత దూరం, జనంలో నీ షాపుకి ఎంత పేరుంది. గూగుల్ వాళ్లే చెప్పుకున్న లెక్క ఇది. దూరాన్ని నువ్వేం చెయ్యలేవు. మిగతా రెండింటి మీద కూర్చో.

ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరువు, అంటే గూగుల్‌లోనూ మ్యాప్‌లోనూ నీ షాపు వివరాలు కనబడే పేజీ. పైసా ఖర్చు లేదు. పేరు దగ్గర బోర్డు మీద ఉన్నదే రాయి. "బెస్ట్ లేడీస్ టైలర్ పర్లాకిమిడి" అని తోక తగిలిస్తే పైకొస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. వచ్చినా వస్తుంది కొన్నాళ్లు. అది రూల్సుకి విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలే సస్పెండ్ కావచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ టెన్షన్ నీకెందుకు?

నువ్వు కేటగిరీలో "బొటిక్" పెట్టబోతున్నావట. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ బొటిక్ అని వెతికేవాళ్లలో చాలామందికి తయారుగా ఉన్న బట్టలు కావాలి, నీది కుట్టుపని. "టైలర్" అన్నదే ప్రధాన కేటగిరీగా పెట్టు. దానికి తోడు ఇంకో తొమ్మిది దాకా ఇస్తారు, అన్నీ నింపాలని లేదు; ఆల్టరేషన్, ఎంబ్రాయిడరీ చాలు. సర్వీసుల దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకు. లైనింగ్ బ్లౌజు, ప్యాడెడ్ బ్లౌజు, పట్టులంగా, మగ్గం, కుచ్చులు, ఫాల్, పికో, అన్నీ విడివిడిగా రాయి. ఫాల్, పికో చిన్న పనులే కదా అని వదిలేస్తావేమో. ఫాల్ వేయించుకోడానికి వచ్చిన మనిషే సంచిలోంచి బ్లౌజు గుడ్డ కూడా తీస్తుంది.

పరిచయం రాసుకోడానికి 750 అక్షరాలు ఇస్తారు. అందులో పర్లాకిమిడి అనీ, ఒడియావాళ్లు అనే పారలాఖెముండి అనీ రెండూ వచ్చేలా రాయి. దానివల్ల వరసలో పైకి వెళ్తావని కాదు, చదివేవాళ్లకి ఇది మన ఊరి షాపే అని తెలియడానికి.

వెరిఫికేషన్‌కి, అంటే షాపు నిజంగా ఉందనీ నీదేననీ చూసుకోడానికి, గూగుల్ వీడియో అడిగితే కంగారుపడకు. మధ్యలో ఆపకుండా, కత్తిరించకుండా ఒకే వీడియో తియ్యాలి, కనీసం అర నిమిషం. రోడ్డు మీద మొదలుపెట్టి పక్క షాపుల బోర్డులు చూపించు, తర్వాత నీ బోర్డు, నువ్వే తాళం తీసి షట్టర్ ఎత్తడం, లోపల మిషన్లు, కటింగ్ టేబుల్. మొహాలూ ఆధార్ కార్డూ అందులో పడనివ్వకు. మ్యాప్‌లో పిన్ సరిగ్గా నీ షట్టర్ మీద ఉండాలి. మీ సందు మొదట్లో పెట్టేస్తే బైక్ మీద వచ్చినవాళ్లు మొదట కనబడిన టైలర్ దగ్గర ఆగిపోతారు.

ఫొటోల కోసం స్టూడియోకి వెళ్లనక్కర్లేదు. బ్లౌజు హ్యాంగర్‌కి తగిలించి, పొద్దున్న గుమ్మం దగ్గరి వెలుతురులో వెనక మెడ డిజైన్ దగ్గరగా తియ్యి. బరంపురం పట్టు మీద జరీ పనైతే ట్యూబ్‌లైట్ కింద రంగు మారిపోతుంది, చూసుకో. నెట్‌లో దొరికిన డిజైన్ పెట్టావనుకో, అచ్చం అదే కుట్టమని వచ్చి కూర్చుంటారు.

ఇక రివ్యూలు. నన్నడిగితే సగం పని వీటిదే. ఎప్పుడు అడగాలో తెలియాలి. ట్రయల్ వేసుకుని అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని నవ్విందే, అప్పుడు అడుగు. ప్రొఫైల్‌లోనే రివ్యూ లింకూ క్యూఆర్ కోడూ దొరుకుతాయి, ప్రింట్ తీసి అద్దం పక్కన అతికించు. ఒడియాలో రాసినా తెలుగులో రాసినా మంచిదే. ఏం కుట్టించుకుందో ఒక మాట రాయమను. రివ్యూ రాస్తే పికో ఫ్రీ లాంటివి పెట్టకు, గూగుల్ ఒప్పుకోదు. మెచ్చుకునేవాళ్లనే ఏరి అడగడమూ కూడదు. మన చుట్టాలందరి చేతా ఒకే రోజు అయిదు చుక్కలు వేయించాలని మీ నాన్న ఉత్సాహపడుతున్నాడు, ఆపు.

చెడ్డ రివ్యూ రాకుండా ఉండదు. చెయ్యి బిగుతైంది, రెండుసార్లు తిప్పారు అని ఎవరో రాస్తారు. కొలతలు మీరే తప్పు ఇచ్చారని వాదనకి దిగకు. "క్షమించండి అమ్మా, బ్లౌజు తీసుకురండి, చెయ్యి వదులు చేసి ఆ రోజే ఇస్తాను" అని రాయి, రాసినట్టే ఇవ్వు. నీ జవాబు చదివేది ఆవిడ ఒక్కతే కాదు, ఆ తర్వాత వెతికే వాళ్లంతా.

పండగ టైమింగులు ముందే మార్చుకో. నీకు రెండు లోకాల పండగలు కదా. జూన్‌లో రొజొకి ఒడియా ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుంటారు, సంక్రాంతికి మనవాళ్లు. తెరిచుందని గూగుల్‌లో చూసి వచ్చి మూసిన షట్టర్ చూసిన మనిషి మళ్లీ రాదు. వారానికోసారి ప్రొఫైల్ తెరిచి చూస్తూ ఉండు. ఎవరైనా దిద్దుబాట్లు సూచించవచ్చు, షాపు మూసేశారని కూడా.

"గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, మొదటి పేజీలో పెడతాం" అంటూ ఫోన్లొస్తాయి. నాకూ వచ్చాయి. వెతికితే షాపులు కనబడే ఆ వరసలో చోటు గూగుల్ అమ్మదు. ప్రకటనలు వేరు, వాటి మీద ప్రకటన అనే రాసి ఉంటుంది. ఓటీపీ చెప్పకు, ఫోన్ పెట్టెయ్.

ఒక నెల గడిచాక ప్రొఫైల్‌లో పర్ఫార్మెన్స్ అన్నచోట చూడు. జనం ఏ మాటలు కొట్టి నిన్ను చేరారో, ఎందరు కాల్ చేశారో, ఎందరు దారి అడిగారో ఉంటుంది. ఆ మాటల్లో నీకు చేతనైన పనేదైనా ఉండి, అది సర్వీసుల్లో లేకపోతే వెంటనే చేర్చు.

వీడియో గూగుల్‌కి పంపేముందు నాకు వాట్సాప్ చెయ్యి. బోర్డు మీద ఫోన్ నంబరు మీ నాన్నదిలా ఉంది, ప్రొఫైల్‌లో నీది ఇస్తావేమో. రెండుచోట్లా ఒకటే ఉండాలి, నీదే పెట్టు. మీ నాన్న ఎటూ ఫోన్ ఎత్తడు.

మీ అత్త