తాత ఇమ్యూనిటీ మనవడికి ఎందుకు రాదు?

"మా తాత ఏ మందూ మింగకుండా తొంభై ఏళ్ళు బతికాడు. ఆ రోగనిరోధక శక్తి మాకు వంశపారంపర్యంగా ఎందుకు రాలేదు?" అని ఒకరు అడిగారు.

రాకేం, వస్తుంది. మా అబ్బాయికి వచ్చింది. దానివల్లే వాణ్ణి పోగొట్టుకునేవాళ్ళం.

మాది నెల్లూరు, ఉండేది చెన్నై రాయపురంలో. వాడికి పదకొండో ఏట రోజు విడిచి రోజు చలిజ్వరం వచ్చింది. మలేరియాలో ఒక రకమైన వైవాక్స్ అన్నారు. దగ్గర్లోని క్లినిక్‌లో క్లోరోక్విన్ మూడు రోజులకు, ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులకు రాశారు. వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది, అందుకే ఈ రెండో మాత్ర. మూడో రోజు పొద్దున్నే బాత్‌రూమ్‌లోంచి "నాన్నా, ఒకసారి రావా" అని పిలిచాడు. నీళ్ళు పోయకుండా నాకోసం నిలబడి ఉన్నాడు. మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంది. కింది రెప్ప లాగి చూస్తే సున్నం కొట్టినట్టు పాలిపోయింది, కళ్ళు పచ్చబడ్డాయి. ఆటోలో నా భుజం మీద వాలిన తల మళ్ళీ ఎత్తలేదు. హిమోగ్లోబిన్ 6కి దిగింది, రక్తం ఎక్కించారు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ముందు అడిగిందే, "ఈ మాత్రకు ముందు జీ6పీడీ టెస్టు చేశారా?" అని. ఎవరూ చేయలేదు. జీ6పీడీ అంటే రక్తంలోని ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్. అది తక్కువున్న పిల్లలకు ప్రైమాక్విన్ పడితే ఆ కణాలు పగిలిపోతాయి. పగిలేవి ముందు పాత కణాలు. కొత్తవాటిలో ఎంజైమ్ ఎక్కువ కాబట్టి అప్పుడే పరీక్ష చేస్తే నార్మల్ అని వచ్చినా నమ్మకూడదంది. మూడు నెలలాగి చేయిస్తే లోపం ఉందని తేలింది.

ఈ లోపం తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. ఈ మాట చెప్పగానే మా అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది. "మా చిన్నోడు ఇరవై రోజుల పిల్లాడప్పుడు ట్రంకుపెట్టెలోంచి దుప్పటి తీసి చుట్టాం నాయనా, మర్నాటికి ఒళ్ళంతా పసుపు పూసినట్టయింది. కామెర్లని తాయెత్తు కట్టించాం" అంది. ఆ పెట్టె నిండా కలరా ఉండలు. నాఫ్తలీన్ కూడా ఈ పిల్లలకు పడదు. మా బావమరిదికి జరిగింది ఇదే, నాకు అనుమానం లేదు.

ఇంత ప్రమాదమైన జన్యువు ఎందుకు పోలేదంటే, మలేరియా వల్ల. ఈ లోపమున్న ఎర్రకణంలో ఆ క్రిమికి సరిగ్గా సాగదు. జ్వరం రావచ్చు కానీ ప్రాణం మీదికి రావడం తగ్గుతుంది. ఎర్రకణాలను కొడవలిలా వంచే సికిల్ సెల్ జన్యువు కూడా అంతే. ఒక కాపీ ఉంటే అన్నిటికన్నా ప్రమాదకరమైన ఫాల్సిపారం మలేరియా ముదరకుండా కాపాడుతుంది, రెండూ వస్తే జీవితాంతం జబ్బు. 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికాలో దీన్ని చూపించాడు. అంతకు ముందే, 1949లో, తలసీమియా అనే వంశపారంపర్య రక్త జబ్బుకూ మలేరియాకూ ఇలాంటి లంకె ఉందని ఊహించిన బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ ఆ తర్వాత మన దేశ పౌరుడై 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. నేను చదివిన బడిలో ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు.

మీ తాతతో పుట్టినవాళ్ళు ఎంతమంది, మిగిలింది ఎంతమంది, ఒకసారి ఇంట్లో అడగండి. మా అత్తయ్య వాళ్ళమ్మకు తొమ్మిది కాన్పులు, బతికింది నలుగురు. పోయినవాళ్ళలో ఇద్దరికి పేరు కూడా పెట్టలేదు. వెనకటివాళ్ళు గట్టివాళ్ళని మనం అనేది ఆ నలుగురిని చూసే. డబ్బాల్లో ఇమ్యూనిటీ పొడి అమ్మేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

ఇంకోటి. మన సిటీల్లో మలేరియా మోసే స్టీఫెన్సై దోమ పెరిగేది మురిక్కాలవల్లో కాదు, మంచినీళ్ళ ట్యాంకుల్లో, బావుల్లో. మా మేడ మీద ట్యాంకు మూత పగిలి రెండేళ్ళు. ఓనరుకు ఎన్నిసార్లు చెప్పినా కదల్లేదు, చివరికి నేనే కొని బిగించాను.

మీ ఇంట్లో ఎవరికైనా వైవాక్స్ అని తేలి ప్రైమాక్విన్ రాస్తే, మొదటి మాత్ర మింగకముందే జీ6పీడీ టెస్టు చేయమని అడగండి. మా వాడి రిపోర్టు జిరాక్సు తీసి వాడి స్కూలు బ్యాగులో పెట్టాం.