అతుకుల బొంతతోనే మొదలుపెట్టండి

"ఒమాహా వచ్చి నాలుగు నెలలైందండీ. మావారు ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా మాట్లాడేవాళ్లుండరు. పక్కింటి పెద్దావిడ తమ క్విల్టింగ్ (అంటే బొంతలు కుట్టే) గ్రూపుకు రమ్మంటోంది. చర్చి హాల్లో కలుస్తారట. నాకు కుట్టు పెద్దగా రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. మావారి ఉద్యోగం వల్ల నాకొచ్చిన హెచ్4 వీసా మీద ఉన్నాను. వెళ్లొచ్చా?"

వెళ్లండమ్మా. తప్పకుండా వెళ్లండి. నెబ్రాస్కాలో నా మొదటి చలికాలం నాకింకా గుర్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. అమ్మకు ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి దాటి ఉండేది. ఆ రోజుల్లోనే లైబ్రరీలో గోడకు అంటించిన కాగితం చూసి ఒక కుట్టు గ్రూపుకు వెళ్లాను. పదిహేడేళ్లయింది. ఇప్పటికీ గురువారం వస్తే నేను అక్కడే ఉంటాను.

ముందు వీసా సంగతి చెప్తాను, అది తేలిపోతే టెన్షన్ ఉండదు. ధార్మిక సంస్థ కోసం, అందరూ ఉచితంగానే చేసే పనిని, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా మీరూ చేస్తే దాన్ని ఉద్యోగం అనరు. పిల్లల ఆసుపత్రికి దుప్పటి కుట్టివ్వడం అలాంటిదే. కానీ మీ చేయి తిరిగాక ఎవరో ఒకరు "మా మనవరాలికి ఒకటి కుట్టిపెట్టు, డబ్బులిస్తాను" అంటారు. ఈఏడీ, అంటే ఇక్కడ పని చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు, లేకుండా అది ఒప్పుకోకండి. గిఫ్ట్ కార్డు రూపంలో ఇచ్చినా వద్దనండి. ఇంకా అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయరును అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో మాటలు నమ్మకండి.

చర్చి అని భయపడకండి. ఇక్కడ పెద్ద బల్లలు, బోలెడన్ని ప్లగ్గులు ఉన్న హాలు ఊళ్లో ఎక్కడ దొరికితే అక్కడ కలుస్తారు. చర్చి, లైబ్రరీ, వృద్ధుల కేంద్రం, ఏదైనా కావచ్చు. కొన్ని గ్రూపులు ఆ చర్చివాళ్లవే, అక్కడ భోజనానికి ముందు చిన్న ప్రార్థన ఉంటుంది. మీరు మౌనంగా నిలబడితే చాలు. ఏ గ్రూపైందీ పక్కింటావిడను సూటిగా అడగండి, ఏమీ అనుకోదు.

ఇక కుట్టు. మన భాషలో "అతుకుల బొంత" అంటే నింద. పొసగని పార్టీల ప్రభుత్వాన్ని అలా అంటాం. కానీ మా అమ్మమ్మ కుట్టిన బొంతను గుర్తు చేసుకుంటే ఆ మాట వాడబుద్ధి కాదు. చిరిగిన నూలు చీరలు నాలుగైదు వరసలు పరిచి, పైన రంగు ముక్కలు అతికి, వేసవి మధ్యాహ్నాల్లో దబ్బనంతో టాకాలు వేసేది. క్విల్టు కూడా అలాంటిదే, కాకపోతే మూడు పొరలు. పైన ముక్కలు కలిపిన భాగం, మధ్యలో దూది పొర, అడుగున ఒకే గుడ్డ. మూడింటినీ కలిపి పట్టి ఉంచే కుట్టే క్విల్టింగ్. కాబట్టి మీకు అసలేమీ తెలియదని అనుకోకండి.

మూడో ఏడాది ఇండియా వెళ్లినప్పుడు ఆ బొంత తెచ్చుకున్నాను. ప్రతి సమావేశంలోనూ చివర, తెచ్చినవి అందరికీ చూపించే సమయం ఒకటి ఉంటుంది. సిగ్గుపడుతూనే విప్పాను. వాళ్లు చేసిన మొదటి పని దాన్ని తిరగేసి వెనకవైపు చూడటం. క్విల్టు కుట్టేవాళ్లందరికీ ఈ అలవాటుంది, కుట్టినవాళ్ల చేయి వెనకే తెలుస్తుందంటారు. ముగ్గురు ఆడవాళ్లు కళ్లద్దాలు పెట్టుకుని మా అమ్మమ్మ టాకాలను వేలితో తడుముతూ ఉంటే నాకు మాట రాలేదు.

ఈ పనికీ మనకూ బంధుత్వం నేననుకున్నదానికంటే పాతది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం వైపు నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకం చీటిగుడ్డలు ఐరోపాలో ఎంతగా అమ్ముడుపోయాయంటే, అక్కడి నేతపనివాళ్లు గోల పెట్టి 1721లో ఇంగ్లండులో నూలు అద్దకం బట్టలకు చాలావరకు చట్టంతోనే అడ్డుకట్ట వేయించారు. అలాంటి గుడ్డ ఖరీదైనది కాబట్టి పువ్వు చుట్టూ, పిట్ట చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టుకునేవాళ్లు. పాత అమెరికన్ క్విల్టుల్లో ఈ పద్ధతి కనిపిస్తుంది, బ్రోడరీ పెర్స్ అంటారు. మీకు గంట దూరంలోనే, లింకన్‌లో ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియం ఉంది. ఆర్డిస్, రాబర్ట్ జేమ్స్ దంపతులు ఇచ్చిన సుమారు 950 క్విల్టులతో 1997లో మొదలైంది. మన దేశపు కుట్టుపని కూడా అక్కడుంది. ఒక శనివారం మీవారితో వెళ్లి చూసిరండి.

మీరు నేర్చుకోవాల్సిన అసలు కొలత ఒక్కటే, పావు అంగుళం. మన టైలర్లతో రేపు లూజు చేసుకోవడానికి లోపల గుడ్డ వదలమని చెబుతాం. ఇక్కడ ప్రతి అతుకులోనూ వదలాల్సింది పావు అంగుళమే. ముక్కలు అతికి చేసే ఒక్కో చదరాన్ని బ్లాకు అంటారు. నాకీ కొలత తెలియక మొదటి బ్లాకులో తొమ్మిది ముక్కలనూ అర అంగుళం వదిలి కలిపాను. 12.5 అంగుళాలు రావాల్సిన బ్లాకు 11.5 వచ్చింది. అందరివీ పక్కపక్కన పేరిస్తే నాదొక్కటే చిన్నగా కనిపించింది. చించేయబోతుంటే ఒక పెద్దావిడ నా చేతిలోంచి తీసుకుని, మడిచి తన సంచిలో పెట్టుకుంది. ఇంకో తొమ్మిది ముక్కలు నా ముందు పెట్టింది.

మిషను వెంటనే కొనకండి. ఇండియా నుంచి మోటారు మిషను తెప్పించుకోవద్దు, ఇక్కడి కరెంటు 120 వోల్టులు, అది నడవదు. గ్రూపులో ఎవరిదగ్గరో ఒకటి అదనంగా ఉంటుంది, అడిగితే ఇస్తారు. గుడ్డ కూడా అంతే. మంచి క్విల్టింగ్ కాటన్ ఖరీదెక్కువ, అందుకని మొదట వాళ్లు ముక్కలు సిద్ధం చేసి ఇచ్చే కిట్లు కుట్టండి. కిట్ ఇంటికి తెచ్చుకుంటే చెప్పిన తేదీకి తిరిగివ్వండి. ఆ మాట నిలబెట్టుకోవడాన్ని వాళ్లు చాలా గౌరవిస్తారు.

కుట్టినవి ఎక్కడికి వెళ్తాయో తెలిస్తే ఆ జాగ్రత్త మీకే అర్థమవుతుంది. 1995లో కొలరాడోలో మొదలైన ప్రాజెక్ట్ లైనస్ జబ్బుపడిన, కష్టంలో ఉన్న పిల్లలకు దుప్పట్లు అందిస్తుంది. అవి కొత్తవై, చేత్తో చేసినవై, ఉతకడానికి వీలుగా ఉండాలి. అందుకే పట్టుచీర ముక్కలు ఎంత అందంగా ఉన్నా దానికి పనికిరావు. లోపల గుండుసూది మిగిలిపోకూడదు, గుడ్డకు ఏ వాసనా ఉండకూడదు. ఇది మనం ప్రత్యేకంగా చూసుకోవాలి. పోపు వాసన గుడ్డకు ఇట్టే పడుతుంది. కిట్‌ను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి పడకగదిలో ఉంచండి. నేను పదిహేడేళ్లుగా అలాగే చేస్తున్నాను.

యుద్ధానికి వెళ్లొచ్చిన సైనికులకు క్విల్ట్స్ ఆఫ్ వేలర్ అని ఇంకొకటి ఉంది, 2003లో మొదలైంది. ఆ క్విల్టు కనీసం 55 అంగుళాల వెడల్పు, 65 అంగుళాల పొడవు ఉండాలి. ఇచ్చేటప్పుడు చేతికందించి ఊరుకోరు, భుజాల చుట్టూ కప్పుతారు. మన సన్మానాల్లో శాలువా కప్పినట్టే. వియత్నాం వెళ్లొచ్చిన ఒక పెద్దాయనకు మా గ్రూపు కప్పినప్పుడు ఒక కొన నా చేతిలో ఉంది. ఆయన రెండు చేతులతో అంచులు దగ్గరకు లాక్కుని చాలాసేపు తల వంచుకుని ఉండిపోయాడు. నేను కుట్టిన బ్లాకు ఆయన ఎడమ భుజం మీద ఉంది.

ఇంగ్లిష్ గురించి దిగులుపడకండి. కుట్టేటప్పుడు ఎవరూ ముఖంలోకి చూడరు, చూపంతా సూది మీదే. మాట వెతుక్కోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. వాళ్లు మోకాలి ఆపరేషన్ల గురించి, మనవల గురించి, ఈసారి మంచు ఎంత పడుతుందనే దాని గురించి మాట్లాడతారు. పిల్లలెందుకు లేరు, మీవారి జీతమెంత లాంటివి మాత్రం అడగకండి. ఎనభై ఏళ్లావిడను పేరు పెట్టి పిలవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. కానీ వాళ్లకు అదే ఇష్టం, అలాగే పిలవండి. తలా ఒక వంట తెచ్చుకునే రోజున పులిహోర పట్టుకెళ్లండి. పల్లీలు, జీడిపప్పు వేయకుండా చేసి, ఏమేం వేశారో చీటీ మీద రాసి పక్కన పెట్టండి, అలర్జీ ఉన్నవాళ్లుంటారు.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. 2020 ఏప్రిల్‌లో మా నాన్నగారు పోయారు. విమానాలు లేవు, అంత్యక్రియలు ఫోన్లో చూశాను. గ్రూపు కలవడం లేదు, ఎవరింట్లో వాళ్లు మాస్కులు కుడుతున్నారు. మే నెలలో ఒకరోజు గుమ్మం ముందు సంచి కనిపించింది. తలా ఒక బ్లాకు ఇళ్లల్లోనే కుడితే, ఒకావిడ అందరి గుమ్మాల దగ్గరా తిరిగి పోగుచేసి క్విల్టుగా కలిపిందట. దాని నట్టనడుమ నేను పాడుచేశాననుకున్న ఆ 11.5 అంగుళాల బ్లాకు ఉంది. చుట్టూ సన్నటి పట్టీ కుట్టి, మిగతావాటికి సమానం చేశారు. ఆ రోజు దాన్ని సంచిలో పెట్టుకున్న పెద్దావిడ అన్నేళ్లూ దాచే ఉంచింది. నేను ఆ క్విల్టు కప్పుకునే నాన్నగారి నెలమాసికం ఫోన్లో చూశాను.

గ్రూపుకు వెళ్లేటప్పుడు మీ అమ్మగారి నూలుచీర ముక్క ఏదైనా ఉంటే సంచిలో వేసుకెళ్లండి. వచ్చాక ఎలా జరిగిందో రాయండి, మీ చేతికి మొదట ఏ బ్లాకు ఇచ్చారో కూడా.